మే నెల్లో కాలవలో తేలిన శవం

అయినా ‘‘పుస్తకం చదివాను, ఓసారి రా’’ అని ఠక్కున ఫోన్ పెట్టేస్తే అవతలివాడు ఏమైపోవాలండీ? అన్నం సహించలేదు నాకు. ఆ ఫోన్ చేసింది మా పిన్ని. బళ్ళో చదువుకున్నన్నాళ్ళూ నన్ను తన ఇంట్లో పెట్టుకుని సాకిన మనిషి. ఆవిడ మామగారు ఆ ఊరి కరణం. కాలవ నీళ్ళ వంతులు అమ్ముకునేవాడని ఆ ఇంట్లోనే చిన్నప్పుడు గుసగుసలు విన్నాను. వాటికి ఓ హత్య కలిపాను. లంచాలు మరిగిన కరణం తన మీద అర్జీ పెట్టిన రైతును చంపించి కాలవలో తోయించినట్టు, పాతకాలపు నేర నవల రాశాను. మారుపేరుతోనే లెండి. అయినా పిన్ని పట్టేసింది. ఇక ఆ గుమ్మం తొక్కనిస్తుందా లేదా అన్నదే నా బెంగ.

మే ఎండకు భయపడి విజయవాడ బస్టాండులో పొద్దున ఆరింటికే అవనిగడ్డ బస్సెక్కాను. ఉయ్యూరు, పామర్రు మీదుగా చల్లపల్లికి రెండు గంటల పైమాటే. టికెట్టు నూటికి అటూ ఇటూ. ఎండ పడని వైపు కూర్చోండి. చల్లపల్లిలో ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. డ్రైవరు ఆ ఊరివాడే, మాటకారి. మెల్లగా కూపీ లాగాను.

‘‘మీ ఊరి మీద ఎవరో నవల రాశారటగా?’’

‘‘ముందు అట్టాగే అనుకున్నామండి. కరణం, కాలవ మీద లాకుల గేట్లు అన్నీ మాయే. ఊళ్ళో రచ్చ రచ్చయింది. తీరా చూస్తే, మే నెల్లో శవం కాలవలో తేలి లాకుల దగ్గరికి కొట్టుకొచ్చిందని రాశాడంటండి!’’

ఆటో ఆపి కాలవలోకి చెయ్యి చూపించాడు. అడుగున వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు.

‘‘ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కదండి. తేలటానికి నీళ్ళేయండి? శవం లాకుల దాకా నడిచొచ్చిందా? ఆ రాసినోడు కాలవ మొహం చూసుండడని తేల్చేశాం. అది మా ఊరు కాదండి.’’

అదే కాలవలో ఈతలు కొట్టి పెరిగినవాణ్ణి. ఎండ వర్ణన బాగా కుదిరిందని మురిసిపోయి మే నెల పెట్టాను మరి.

ఇంటికి వెళ్ళగానే పిన్ని ముందుగా విస్తరి వేసింది. చేమదుంపల పులుసు వడ్డించాక అప్పుడు మొదలుపెట్టింది.

‘‘నవల్లో ఆ కరణం కోడలు పులుసు దించి, ఇంగువ పోపు వేసి, పొగ పోకుండా మూత పెట్టి పైన చెంబు బోర్లిస్తుంది. ఆ చెంబు సంగతి నీకు కాక ఇంకెవడికి తెలుసురా, దొంగవెధవా?’’

‘‘తప్పయిపోయింది పిన్నీ. ఆ నెల కూడా తప్పే. మళ్ళీ అచ్చేసేటప్పుడు ఆగస్టుకి మార్చేస్తాను.’’

‘‘మార్చావంటే కాళ్ళు విరగ్గొడతాను!’’ అంది గరిటె ఎత్తి. ‘‘మా మామగారు లంచాలు తిన్నమాట నిజమేరా. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళో తలొంచుకునే తిరిగాను. నీ పుస్తకం రాగానే మళ్ళీ మొదలెట్టారు. ఆ మే నెల చూసి నోళ్ళు మూశారు. పాలావిడైతే, పాపం మీ మామగారిని ఊరికే అనుకున్నామమ్మా అని నొచ్చుకుంటోంది కూడానూ. ఆ తప్పు అట్టాగే ఉండనీ.’’

‘‘అయితే నా మీద కోపం లేదా?’’

‘‘చివర్లో ఆ కరణానికి శిక్ష వేయించావుగా’’ అంది పులుసు పోస్తూ. ‘‘ఆ పేజీ రెండుసార్లు చదువుకున్నాను.’’

తిరుగు బస్సు కోసం చల్లపల్లిలో కూర్చుని ఫోనులో ఇది రాస్తున్నాను. గుండెల మీంచి ధాన్యం బస్తా దించినట్టుంది. డెల్టాలో పుట్టి కాలవ సంగతి తెలీనివాడని రేపు ఎవరైనా వెక్కిరిస్తే నవ్వి ఊరుకుంటాను. పిన్ని తలెత్తుకుని గుమ్మం దాకా వచ్చి సాగనంపింది, ఇంకేం కావాలి?

ఇటు వచ్చేవాళ్ళకు ఒక్క సలహా. పల్లెల నుంచి మధ్యాహ్నం ఆటోలు దొరకవు, కాబట్టి వెళ్ళేటప్పుడే తిరుగు కిరాయి కూడా మాట్లాడుకోండి. ‘‘ఓ పెద్దాయనా, విజయవాడేగా? ఆ ఫోను బస్సులో నొక్కుకుందురుగాని, ఎక్కండి!’’ అని కండక్టరు కేకేస్తున్నాడు. వెళ్ళాలి. ఆటో మాట్లాడుకునేటప్పుడు వెయిటింగుతో కలిపేనా అని గట్టిగా అడగండి, లేకపోతే దిగేటప్పుడు వాడు...