జానీబీ బల్ల కింది మూటలు

ప్రొద్దుటూరు బస్టాండులో ఆకువక్క అమ్మే జానీబీ బల్ల కింద ఎప్పుడూ ఊళ్లవాళ్ల మూటలుంటాయి. దువ్వూరు నుంచి సంతకొచ్చినవాళ్లు అక్కడ పెట్టి పోతారు. ఆమె పేరడగదు. మూట అందుకుని, ముడి మీద ఒకసారి బొటనవేలు ఆడిస్తుంది, అంతే. సాయంత్రానికి ఎవరి మూట వాళ్ల చేతికే వెళుతుంది.

మద్యనిషేధం రోజుల్లో ఒకసారి పోలీసులొచ్చి, బల్ల కిందున్న గొంగడి మూట విప్పమన్నారు. "కట్టినోడు విప్పాల, నేను విప్పను" అందామె. జవాను విప్పితే సారా సీసా బయటపడింది. కేసు పెట్టారు. ఆ మూట ఎవరు పెట్టారో చూడనేలేదని చెప్పమని వకీలు కోర్టు మెట్ల మీద బతిమాలాడు. బోనెక్కి ఆమె, "నా చేతికే ఇచ్చినాడు దొరా, నేనే తీసుకుంటి" అంది. వకీలు తల పట్టుకున్నాడు. "లోపల ఏముందో తెలుసా?" అన్నాడు మేజిస్ట్రేటు. "నాకెట్ల తెలుస్తాది దొరా? మూట నా కాడుండె, ముడి వానిది." మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. వస్తువు దగ్గరున్నంత మాత్రాన నేరం కాదు, అదేమిటో తెలిసి ఉంచుకుంటేనే నేరమని చెప్పి విడిచిపెట్టాడు. ఆమె కదల్లేదు. "గొంగడి ఇప్పించండి దొరా. వాడొచ్చి అడిగితే నేనేం చెప్పాల?" ఇప్పించారు. అక్కడే నేల మీద కూర్చుని దాన్ని మళ్లీ మూట కట్టింది. ఎవరి ముడీ విప్పి ఎరగని ఆ వేళ్లు అచ్చం వాడు వేసిన ముడే వేస్తుంటే, ఆనాడు దాన్ని విప్పిన జవాను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.