నవ్వు తీయని షాట్

2013 చలికాలంలో నన్ను ఒక హిందీ టెలీఫిల్మ్‌కి డ్రెస్ పనిలో వేశారు. షూటింగు మేముండే ఉక్కు ఊరు భిలాయిలోనే, రిసాలిలో ఒక పాత క్వార్టర్ అద్దెకు తీసుకుని చేశారు. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి చాలా ఏళ్లయింది. అంతకు ముందు కాలనీలో జాకెట్లు కుట్టేదాన్ని. యూనిట్‌లో బట్టల పని చూసే మగవాణ్ణి డ్రెస్ దాదా అంటారు. నన్ను డ్రెస్ దీదీ అనేవారు. అక్షరాలు అప్పుడు రావు నాకు. ఏ సీనుకి ఏ చీరో గుర్తుండడానికి పిన్నీసుకి రంగు దారం చుట్టి పెట్టుకునేదాన్ని. చదవడం, రాయడం యాభై దాటాక నేర్చుకున్నాను.

కథ ఉక్కు ఊరి కుటుంబానిది. తండ్రి చనిపోతాడు, కొడుకులు వాటాలకు కొట్టుకుంటారు. తండ్రి వేషానికి మాటలు తక్కువ, పడుకోవడం ఎక్కువ. డైరెక్టరు దివాకర్, రాయపూర్ కుర్రవాడు, ఎవరైనా పెద్దాయన దొరుకుతాడా దీదీ అని నన్ను అడిగాడు. నేను మా వీధి అప్పలనర్సయ్య అన్నయ్య పేరు చెప్పాను. ఆయన రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యారు. దసరాకి మన తెలుగువాళ్లు వేసే నాటకాల్లో ఆయన లేకుండా తెర లేచేది కాదు. అప్పటికే ఆయన గుండెకు ఆపరేషన్ చేయాలని డాక్టర్లు అన్నారు. రాయపూర్ ఆసుపత్రిలో తేదీ ఇంకా రాలేదు. పడుకుని ఉండే వేషమే కదా, అలసట ఉండదని ఆయనే ముచ్చటపడ్డారు.

ఒప్పుకోనిది ఆయన భార్య సత్యవతి వదిన. గుండె బాగోలేని మనిషిని శవంగా పడుకోబెడతారా అంది. అప్పుడు నేను మా పనిలో ఉన్న ఒక ఆచారం చెప్పాను. ఎవరైనా చనిపోయిన వేషం వేస్తే, ఆ షాట్ అయ్యాక కెమెరా ఆపరు. ఆ మనిషి అదే బట్టల్లో లేచి కూర్చుని నవ్వాలి. ఆ నవ్వు కూడా కెమెరాలో పడ్డాకే వేషం విప్పుతారు. చావు అక్కడితో చెల్లిపోయినట్టు. పెద్ద పెద్ద నటులు కూడా నవ్వే వెళ్తారని చెప్పాను. వదిన, "నవ్వించే పంపుతానని నువ్వు మాటివ్వు" అంది. ఇచ్చాను.

షూటింగ్ రోజున ఏడ్చే ఆడవాళ్ల వేషాలకు కాలనీ వాళ్లనే పిలిచాం. వాళ్లకి తెల్లచీరలు వెతుక్కోవాలేమో అని దిగులు పడ్డాను. అందరూ ఇంటి నుంచే కట్టుకుని వచ్చేశారు. మా విజయనగరం వైపు చావింటికి ఎవరూ చీర మార్చుకుని వెళ్లరు. పొయ్యి మీది కూర దించి, ఉన్న చీరతోనే పరిగెత్తుతారు. భిలాయిలో మొదట్లో మేమూ అంతే. తర్వాత సీరియళ్లలో ఎవరు పోయినా ఇంటిల్లిపాదీ ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో కనిపించడం మొదలైంది. కొన్నాళ్లకి మా వీధి బీరువాల్లోకీ ఒక్కో తెల్లచీర చేరింది. సినిమా మనల్ని చూసి తీస్తారో, మనం సినిమా చూసి బతుకుతామో ఆ రోజు నాకు తేలలేదు.

అన్నయ్య ఒక్క టేక్‌లో చనిపోయారు. ముక్కులో దూది, మెడలో బంతిపూల దండ, మీద తెల్లగుడ్డ. ఊపిరి కనపడకుండా పడుకున్నారు. కట్ చెప్పగానే జనరేటర్ ఆగిపోయింది. బయట వెలుతురు కూడా పోయింది. కెమెరామన్ బిశ్వాస్ దాదా లైట్లు లేకుండా ఏమీ పడదన్నాడు. నవ్వు మిగిలిపోయిందని నేను దివాకర్‌కి చెప్పాను. రేపు తప్పకుండా తీద్దాం దీదీ అని అతను పేకప్ చెప్పేశాడు. పేకప్ అంటే ఎవరి సామాను వాళ్లు సర్దుకోవడం. నేను ఆ తెల్లగుడ్డ మాత్రం మడవలేదు. నవ్వు పడే దాకా మడవకూడదని, నాకు ఈ పని నేర్పిన డ్రెస్ దాదా చెప్పిన పద్ధతి.

ఇంటికి చేరేసరికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందని తెలిసింది. ఎవరిదో ఆపరేషన్ వాయిదా పడి, ఆ చోటు అన్నయ్యకి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం లోపు చేరాలి. వదులుకుంటే మళ్లీ ఎప్పుడో చెప్పలేమన్నారట. నేను వెళ్లేసరికి వదిన గుమ్మంలో కూర్చుని ఉంది. నవ్వు పడకుండా ఆయన్ని పంపనంది.

వాళ్ల అబ్బాయి సురేష్ ప్లాంటులో ఇంజనీరు. ముందు కోప్పడ్డాడు, తర్వాత బతిమాలాడు. చివరికి తన ఫోన్ తీసి, నాన్న నవ్వుతుంటే ఇందులో తీస్తాను, సరిపోతుందా అన్నాడు.

వదిన తల ఎత్తి, "సావు పెద్ద కెమెరాలో పడింది నాయనా. నవ్వు నీ సిన్న ఫోన్లో పడితే ఏటి లాభం?" అంది.

సురేష్ నా వైపు చూశాడు. అన్నయ్య కూడా చూశారు. ఆయన ఇలాంటివి నమ్మే మనిషి కాదు, కానీ ఆవిణ్ణి ఆ భయంతో గుమ్మంలో వదిలి ఆపరేషన్‌కి వెళ్లడం ఆయనకీ ఇష్టం లేదు. ఆవిడ నమ్మింది నా మాట. తేదీ పోతే అది నా మాట వల్లే పోయినట్టు.

మర్నాడు పొద్దున యూనిట్ చరోదా రైల్వే కాలనీలో ఉంటుంది. రాయపూర్ వెళ్లే దారిలోనే చరోదా. నేను దివాకర్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అతను, రేపు మొదటి షాట్ అదే దీదీ, తీసుకురండి అన్నాడు.

పాత దండ వాడిపోయింది. తెల్లవారగానే పవర్ హౌస్ మార్కెట్‌లో అలాంటిదే కొన్నాను. సురేష్ కారులోనే అన్నయ్యకి వేషం వేశాను. చరోదాలో దిగేసరికి డ్యూటీ దిగి వస్తున్న రైల్వే ఉద్యోగి ఒకాయన తెల్లగుడ్డ, దండ చూసి టోపీ తీసి నిలబడ్డాడు. శవం ఆయన్ని టైమెంతయింది భయ్యా అని అడిగింది. పాపం, ఆయన చెప్పకుండానే వెళ్లిపోయాడు.

బిశ్వాస్ దాదా కెమెరా బిగించి సిద్ధంగా ఉన్నాడు. నిన్నటి నుంచి తనకీ మనసు బాగోలేదని, ఇది తీయకుండా ఈ రోజు ఇంకే షాటూ తీయనని చెప్పాడు. అన్నయ్యని నవారు మంచం మీద పడుకోబెట్టాం. యాక్షన్ అన్నారు. ఆయన లేచి కూర్చున్నారు. నవ్వు రాలేదు.

మళ్లీ చేశారు. ఈసారి పళ్లు కనిపించాయి, అంతే. బిశ్వాస్ దాదా సరిపోతుందన్నాడు. వదిన ఒప్పుకోలేదు. అది నాటకం నవ్వు, దసరాకి చూస్తూనే ఉంటాను అంది. ఇంకోసారి చేశారు. ముందు రోజు శవంగా పడుకున్నప్పుడు లేని భయం అన్నయ్యకి ఆసుపత్రికి బయల్దేరాక వచ్చింది. సురేష్ గడియారం చూసుకుంటున్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

వదిన కొంగు బిగించి నేరుగా మంచం దగ్గరికి వెళ్లింది. ఆయన ముక్కులో జారిపోతున్న దూదిని సరిచేసి,

"ఏటండీ ఇది? నిన్న సచ్చిపొమ్మంటే ఒక్క టేకులో సచ్చిపోనారు. ఇయాల నవ్వమంటే ఇన్ని టేకులా?" అంది.

ముందు దూది ఎగిరిపోయింది. తర్వాత నవ్వు వచ్చింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. ఆవిడా ఆయన భుజం పట్టుకుని నవ్వింది. దివాకర్ కట్ చెప్పడం మర్చిపోయాడు. నేను వెళ్లి దండ తీశాను, తెల్లగుడ్డ తీసి అక్కడే మడిచాను. ఆయన తన చొక్కా తొడుక్కున్నారు. కారు వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మరుసటి దసరా నాటకానికి అన్నయ్య లేకుండా తెర లేచింది కానీ, ఆ పై ఏడాది మళ్లీ ఆయనే లేపారు.

టెలీఫిల్మ్ టీవీలో వచ్చినప్పుడు వీధంతా వాళ్లింట్లోనే చూశాం. చావు సీను అయి ప్రకటనలు వచ్చాయి. వదిన బఠాణీలు ఒలుస్తూ, మరి నవ్వు ఎప్పుడు చూపిస్తారని అడిగింది. అది చూపించరు వదినా, తీసి ఉంచుతారంతే అన్నాను. సరే, ఉంది కదా అని మళ్లీ ఒలుచుకుంది.

నా పని గురించి ఆ రెండు రోజుల్లో నాకు తెలిసింది ఇది. కట్ అంటే డైరెక్టరు పని అయిపోయినట్టు. వేషం వేసుకున్న మనిషి తన బట్టల్లోకి తిరిగి వచ్చాక గాని డ్రెస్ మనిషి పని అయిపోదు. తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ మొదట చెప్పింది ఇదే. బట్టలు మడవడం ఆ తర్వాత నేర్పాను.