అమ్మ చేసిన ఆఖరు సీను

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రం టీవీలో సినిమా అంటే, కాజీపల్లిలో మా కిరాయి ఇళ్ల వరుస మొత్తం టీవీ ఉన్న ఆ ఒక్క ఇంట్లోనే ఉండేది. మా బాపు తప్ప! బొల్లారం మందుల కంపెనీలో ఆయనకు ఎప్పుడూ బి షిఫ్టే... మధ్యాహ్నం బస్సెక్కితే మళ్లీ రాత్రి దిగడమే.

అందుకే అమ్మ సినిమా చూసొచ్చి, మర్నాడు పొద్దున బాపుకు చెప్పేది. చెప్పడమేమిటి... చేసి చూపించేది.

బాపుకు ఒక పాత హీరోయిన్ అంటే ప్రాణం. ఏం నటి అండీ ఆవిడ... ఎదుటివాళ్లు ఊపిరి తిప్పుకోకుండా డైలాగులు చెబుతుంటే, ఆవిడ ఊరికే తలెత్తి చూసేది. కన్నీళ్లు కంటి అంచున నిలబడేవి గానీ జారేవి కావు. ఇక్కడ మా ఆడవాళ్లంతా కొంగులు వెతుక్కునేవాళ్లు. పెళ్లికి ముందు బాపు సైకిల్ మీద పటాన్‌చెరు దాకా పోయి ఆవిడ సినిమాలన్నీ చూశాడట... ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఒక శనివారం టీవీలో వేశారు. షిఫ్టు మార్చుకోవడానికి బాపు వారమంతా బతిమాలినా ఎవరూ ఒప్పుకోలేదు. బస్సుకు పోయే ముందు అమ్మతో ఒకటే మాట అన్నాడు.

"ఆఖరు సీను మంచిగ సూసి జెప్పు. ఏం ఇడ్సిపెట్టకు."

సరిగ్గా ఆ ఆఖరు సీనులో... ఆవిడను ఇంట్లోంచి వెళ్లగొట్టిన భర్త, క్షమించమని ఆవిడ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆవిడ తలెత్తింది. కరెంటు పోయింది! తిరిగొచ్చేసరికి వార్తలు నడుస్తున్నాయి. అమ్మ ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

పొద్దున బాపు చాయ్ తాగి ముందుకు జరిగి కూర్చున్నాడు. నేను నోరు తెరవబోతే అమ్మ ఒక్క చూపు చూసింది... గప్‌చుప్ అయిపోయాను. ఇక మొదలుపెట్టింది. కొంగు నిండా కప్పుకుని, తలెత్తి, కళ్లల్లో నీళ్లు నింపుకుంది... అవి జారలేదు, ఒట్టు. మంచినీళ్ల చెంబు తెచ్చి బాపు చేతిలో పెట్టింది.

"తాగి అరుగు మీద కూసోండ్రి. బియ్యం కడిగేదున్నది."

అని లోపలికి వెళ్లిపోయింది. అదే ముగింపు! బాపు ఆ చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఏళ్ల తర్వాత మా ఇంటికీ టీవీ వచ్చింది. అదే సినిమా మళ్లీ వేశారు... ఆ రోజు బాపుకు సెలవు. అమ్మ కల్పించిన ముగింపు ఇక బయటపడుతుందనుకున్నాను. అమ్మ పోపు పెట్టాలంటూ వంటింట్లోకి తప్పుకుంది. అసలు సినిమాలో ఆవిడ భర్త కాళ్ల మీద పడింది, అందరూ నవ్వుతూ వరుసగా నిలబడ్డారు, శుభం.

బాపు వంటింటి వైపు తిరిగి, నువ్వు చేసిందే బాగుండె అన్నాడు. అమ్మ గరిటె ఆగిపోయింది. అబద్ధం చెప్పినందుకు కోపం వచ్చిందా అని మెల్లగా అడిగింది.

"గా దినం సినిమా అయిపోయే యాళ్లకే బొల్లారం, కాజీపల్లి మొత్తం కరెంటు పోయింది. మా మిషిన్లు గూడ ఆగినయి. నాకప్పటిసంది ఎర్కే."

ఇప్పుడు ఏ సినిమా అయినా ఫోన్లోనే... ఆవిడ నటన ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ ఆ సినిమాలో ఆవిడ గుమ్మం దగ్గర తలెత్తగానే నేను ఆపేస్తాను. అక్కడి నుంచి మా అమ్మే చెయ్యాలి...

మీ ఇంట్లో సినిమా చూసొచ్చి, చేసి చూపించిన వాళ్లెవరు?