తాత చేలో ఇరవై రెండు గజాలు

మా ఊరి క్రికెట్ గ్రౌండును ఎవరూ పనిగట్టుకుని తయారు చేయలేదు. అది మా తాత నల్లరేగడి చేను. కోత అయ్యాక ఆడుకోమని ఇచ్చేవాడు, విత్తే రోజున వెనక్కి తీసుకునేవాడు. కోవిల్‌పట్టి వైపు మాకు ఇంకో చదును నేల దొరకలేదు.

తొంభైల్లో ఒక ఏడు ఈ పద్ధతి తప్పింది. మా వైపు వానకు ముందే, ఎండిన దుమ్ములోనే సజ్జలు విత్తేస్తారు. వాన పడేదాకా గింజ లోపలే పడి ఉంటుంది. పైకి ఉత్త మట్టి. తాత విత్తిన మరునాడే మేం మ్యాచ్‌కి పిలిచిన తిరుత్తంగల్ అచ్చాఫీసు కుర్రాళ్లు బస్సు దిగారు. ఇంట్లో మళ్లీ విత్తడానికి గుప్పెడు గింజలు కూడా లేవు. 

వచ్చినవాళ్లను వెనక్కి పంపడం తాతకు చేతకాదు. "ఆడుకోండిరా. ఆనా ఎవురూ పరిగెత్తకూడదు, కింద విత్తనం ఉండాది" అన్నాడు.

గొడుగేసుకుని తనే అంపైరయ్యాడు. బౌలరు నిలబడే వేయాలి, ఫోర్లు మాత్రమే కొట్టాలి. ఫీల్డరు అడుగు కదిపితే ఫీల్డరు కూడా అవుటే. అలా అవుటైనవాళ్లు ఏం చేయాలో తెలియక వెళ్లి గట్టు మీద కూర్చున్నారు.

తాత అన్నానికి వెళ్లాడు. దుమ్ము లేస్తోందని అచ్చాఫీసు కుర్రాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి పిచ్ నిండా చల్లారు. మేం కేకలు వేసేసరికే అంతా తడిసిపోయింది. తాత వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"అయ్యో, గింజకి వాన వచ్చిందని చెప్పేసినారే!"

వారం తిరక్కుండానే నల్లటి చేను నడుమ పిచ్ ఒక్కటే పచ్చగా మొలిచింది. ఊరంతా వచ్చి చూసి నవ్వింది. తర్వాత ఎండకు మాడిపోయింది. తాత రోజూ పొద్దున్నే వెళ్లి దాన్ని చూసి వచ్చేవాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించేది. వాన పడ్డాక చేనంతా మొలిచింది, ఆ ముక్క తప్ప. ఇకమీదట అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదని మా నాన్న అరిచాడు. మా ఆట అయిపోయిందనుకుని ఏడ్చాను.

మరుసటి ఏడు తాత ఎద్దులకు గొర్రు కట్టి విత్తుతున్నాడు. ఆ ముక్క దగ్గరికి రాగానే గొర్రు ఎత్తి పట్టుకుని, దాటాక మళ్లీ దించాడు. విత్తని ఆ పొడుగాటి ముక్కను చూసి దారినపోయే ఒకాయన అడిగాడు.

"ఏం మామా, ఆడ ఎవుర్ని పూడ్సినారు?"

"నా బుద్ధినిరా" అన్నాడు తాత. "దాని పైన మా పిల్లోళ్లు ఆడుకుంటారు."