లాంచీకి సెలూన్ అద్దం

ఒక మోటారు లాంచీ, ఒక సెలూన్ అద్దం, బుట్టెడు నెత్తళ్ల చేపలు, తెల్ల యూనిఫాంలో ఒక కెప్టెన్ గారు. ఈ నాలుగూ ఒకేచోట కలిస్తే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే వాటిని కలిపింది నేనే.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం అవతల ఇంకా నేల చదును చేస్తున్న రోజులవి. నాకు మీసం బాగానే వచ్చింది, బుద్ధి రావడానికి ఇంకా టైముంది. విశాఖ రేవులో ఒక పెద్ద లాంచీ మీద సరంగు చేతికింద పనిచేసేవాణ్ణి. సరంగంటే లాంచీ నడిపే మనిషి. ఆయన రిటైరవుతున్నాడు. ఆ పని నాకు రావాలంటే రేవు కెప్టెన్ గారి ముందు లాంచీ నడిపి చూపించి మెప్పించాలి.

ఉద్యోగం ఒక్కటే అయితే నేనంత కంగారుపడేవాణ్ణి కాదు. మా పేటలో ఎల్లాజి మావకి మంగ అని కూతురుంది. పిల్లనిమ్మని అడగడానికి వెళితే ఆయన వల కుట్టుకుంటూ తలైనా ఎత్తకుండా, "ముందు సరంగువై రా, అప్పుడు సూద్దాం," అన్నాడు. తలుపు సందులోంచి మంగ నవ్వింది. ఆ నవ్వు నన్ను చూసో, నా కొత్త చొక్కాకి ఇంకా ఊడదీయని కాగితం చీటీని చూసో ఇప్పటికీ తేలలేదు.

లాంచీని ముందుకు నడపమంటే నిద్దట్లో కూడా నడిపేస్తాను. చిక్కంతా వెనక్కి నడపడంలో ఉంది. జనం ఎక్కి దిగే మా జెట్టీ దగ్గర చోటు ఇరుకు. లాంచీని తిప్పి, వెనక గేరులో మెల్లగా తెచ్చి, దాని వెనక భాగాన్ని మెట్లకి ఆనించాలి. చక్రం ముందు నిలబడ్డవాడికి వెనక ఏముందో కనిపించదు. మధ్యలో టార్పాలిన్ పైకప్పు, దాని కింద పెళ్లివారి బస్సులో ఎక్కినట్టు జనం, వాళ్ల వెనక ఇంజను పొగ. అందుకని చివరన ఒక మనిషి నిలబడి కేకలేస్తూ దారి చెప్పాలి. ఆ మనిషి నాకు వరసకు బావ, అప్పలరాజు.

బావ బంగారంలాంటి మనిషి. కాకపోతే ఆయన నోట్లో ఎప్పుడూ కిళ్లీ ఉండేది. కిళ్లీ ఉన్నంతసేపూ ఆయన భాషలో ఒకటే అక్షరం.

"బావా, ఎనక్కి వచ్చీమంటావా?"

"ఊఁ."

"ఆపీమంటావా?"

"ఊఁ."

"ఊఁ అంటే ఏటి బావా? రమ్మనా, ఆపమనా?"

"ఊఁ ఊఁ!"

ఈలోగా జెట్టీ వచ్చి మమ్మల్ని గుద్దేది. మేమే వెళ్లి జెట్టీని గుద్దామని నేను ఏనాడూ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

ఒకనాడు మల్కాపురం సెలూన్‌లో గడ్డం గీయించుకుంటూ ఎదురుగా ఉన్న అద్దంలోకి చూశాను. నా వెనక రోడ్డంతా కనిపిస్తోంది. రిక్షా, దాని వెనక ఆవు, ఆవు వెనక పోలీసు. మెడ తిప్పకుండానే అన్నీ తెలిసిపోతున్నాయి! ఒక్కసారిగా లేచి నిలబడ్డాను. గడ్డం గీసేవాడు కత్తి పట్టుకుని కెవ్వుమన్నాడు. అద్దం అమ్ముతావా అని అడిగితే, కొత్తది వస్తోందని, ఈ పాతది మూల పగిలిందని చెప్పాడు. సగం గడ్డంతోనే బేరం కుదిర్చేసి, బీరువా తలుపంత ఆ అద్దాన్ని రిక్షాలో రేవుకి తెచ్చాను. దాని అడుగున ఎర్ర రంగుతో "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అని రాసి ఉంది.

అప్పలరాజు బావ దాన్ని ఆశ్చర్యంగా చూసి, కిళ్లీ బుగ్గకి తోసి అడిగాడు. "ఏటిరా ఇది? లాంచీలో గడ్డాలు గీత్తావేటి?"

"ఇది నా ఎనక కన్ను బావా. ఇనప గొట్టానికి కట్టి కేబిన్ పక్కన నిలబెట్టీత్తాను. ఇంక నువ్వు కేకలెయ్యక్కర్నేదు. సల్లగా కూకుని కిళ్లీ నములుకో."

నేనేదో ఉపకారం చేస్తున్నాననుకున్నాను. బావ మొహం మాత్రం చిన్నబోయింది.

"ఇన్నేళ్లు ఎనక నిలబడి గొంతు సించుకున్నాను. ఇప్పుడు నా బదులు అద్దమొచ్చిందేటి?"

"అద్దం కిళ్లీ నమల్దు కదా బావా," అన్నాను నేను, తెలివైనవాణ్ణనుకుని. అంతే. కట్నం స్కూటరు రాని కొత్తల్లుడిలా అలిగి, వెనక్కెళ్లి కూర్చున్నాడు.

అద్దం మాత్రం దివ్యంగా పనిచేసింది. మెట్లు, జెట్టీకి వేలాడే టైర్లు, మెట్ల మీద చుట్ట కాల్చుకునే ముసలాడు, అన్నీ కళ్లముందే. లాంచీని పసిపాపని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు ఆనించేవాణ్ణి. వచ్చిన చిక్కల్లా ప్రయాణికులతోనే. ఎక్కినవాడెక్కినట్టు అద్దం దగ్గరకొచ్చి తల దువ్వుకునేవాడు. దువ్వెన లేనివాడు పక్కవాడి దువ్వెన లాక్కునేవాడు. జనమంతా అటే చేరడంతో లాంచీ ఒక పక్కకి ఒరిగి, సారా తాగి తూలుతున్నట్టు నడిచేది.

పరీక్ష రోజొచ్చింది. కెప్టెన్ గారు బూట్ల నుంచి టోపీ దాకా పాలనురుగులా తెల్లగా వచ్చారు. అద్దాన్ని చూసి ఆగారు.

"ఏమిటయ్యా ఇది?"

"వెనక ఏటుందో కనపడ్డానికండి. నా సొంత ఆలోచనండి."

ఆయన వంగి ఎర్ర అక్షరాలు చదివారు. "మంచి నియమమే," అన్నారు. "సరే, లాంచీ పోనీ."

నేను ఇంజను స్టార్టు చేయడానికి కిందికి వంగినప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. అది నాకూ అప్పుడు తెలియదు కాబట్టి మీకూ ఇప్పుడే చెప్పను.

రేవు చుట్టూ ఒక చుట్టు తిప్పాను. కెప్టెన్ గారు తల ఊపారు. నా గుండెలో సన్నాయి మోగింది. జెట్టీ ముందుకొచ్చి, లాంచీ తిప్పి, వెనక గేరు వేశాను. దిగడానికి సిద్ధంగా కెప్టెన్ గారు వెనకవైపు వెళ్లి నిలబడ్డారు. అద్దంలో చూస్తే జెట్టీ చక్కగా కనపడుతోంది. కాకపోతే చాలా దూరంగా ఉంది. కొంచెం వెనక్కొచ్చాను. జెట్టీ అక్కడే ఉంది. ఇంకొంచెం వచ్చాను. ఊహూఁ. అప్పిచ్చినవాణ్ణి చూసినవాడిలా తప్పించుకుంటోంది. నాకు పంతం వచ్చింది. ఇంజను పెంచాను.

వెనక అప్పలరాజు బావ కిళ్లీని సముద్రంలోకి ఉమ్మేశాడు. ఆ దృశ్యం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"ఒరే! ఆపీ! ఆపీరా!"

"నువ్వూరుకో బావా! ఇంకా సేనా దూరవుంది. అద్దంలో సూత్తన్నాను!"

"అద్దాన్ని గంగలో కలిపీ! ఎనక్కి తిరిగి సూడ్రా!"

"అలిగినోడివి అలిగినట్టుండు! కెప్టెన్ గారు ఇంటారు!"

కెప్టెన్ గారు కూడా ఏదో అరిచారు. ఆయన అరిచింది "స్టాప్" అని. ఇంజను మోతలో నాకది "సెభాష్" అని వినపడింది. ఉత్సాహమొచ్చి ఇంకాస్త పెంచాను.

తర్వాత వినపడింది ధన్‌మనే చప్పుడు.

మెట్ల పక్కనే ఒక చేపల పడవ కట్టి ఉంది. దాన్లో నిలబడి నెత్తళ్ల బుట్ట పైకి అందిస్తున్న మనిషి వెల్లకిలా పడ్డాడు. బుట్ట గాలిలోకి లేచింది. లాంచీ మీద తెల్లగా, తీరుగా, దానికోసమే పుట్టినట్టు నిలబడి ఉన్నారు కెప్టెన్ గారు. మరుక్షణం టోపీ నుంచి జేబుల దాకా వెండి నెత్తళ్లు వేలాడుతున్నాయి. అన్ని పతకాలు ఏ యుద్ధంలోనూ ఎవరికీ ఇచ్చి ఉండరు.

పడవలోంచి లేచిన మనిషి మా ఎల్లాజి మావ. తల మీంచి వల తీసుకుంటూ నన్ను చూశాడు.

"ఒరే, సరంగువై రా అన్నాను గానీ, లాంచీ నా మీదకెక్కించమన్నానేటి?"

కెప్టెన్ గారు చక్రం దగ్గరకొచ్చారు. వాసన ఆయనకంటే ముందొచ్చింది.

"నీ కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా?"

"అద్దంలోనేనండి!" అని చూపించాను.

అందరం అద్దంలోకి చూశాం. దాన్లో జెట్టీ ఉంది. అది మాది కాదు. నీళ్లకి అవతల పక్కనున్న వేరే జెట్టీ. అద్దం పక్కకి తిరిగిపోయి ఉంది.

"ఎవడు తిప్పాడు దీన్ని?" అని గర్జించారు కెప్టెన్ గారు.

బావ నోరు ఖాళీగా ఉంది. అదే కొంప ముంచింది.

"తమరే కదండీ. ఎక్కగానే టోపీ సర్దుకోడానికి ఇలా తిప్పుకున్నారు. మళ్లీ సరిసెయ్యనేదు."

టోపీ మీంచి ఒక నెత్తలి జారి బల్ల మీద టప్పుమని పడింది.

"బయల్దేరేముందు నువ్వు చూసుకోవద్దూ?" అన్నారు చివరికి. న్యాయమైన ప్రశ్న. అద్దం వెంటనే తీసేయమని, వారం తర్వాత మళ్లీ పరీక్ష పెడతానని చెప్పి, నెత్తళ్లు దులుపుకుంటూ దిగిపోయారు. ఆ అద్దం తర్వాత ఆయన గదిలో టోపీ తగిలించే కొక్కెం పక్కన కనపడింది. రాజకీయాల మాట మాత్రం గోకించేశారు.

ఆ వారమంతా నేను బావ కాళ్లావేళ్లా పడ్డాను. "తప్పయిపోయింది బావా, నాకు అద్దమొద్దు. నువ్వే గావాల." బావ కరిగిపోయి, పరీక్ష పూట కిళ్లీ మానేసి వచ్చాడు. ఇన్నాళ్లూ దాచుకున్న గొంతంతా ఆ రోజే వాడాడు. "ఆపీయ్!" అని ఆయన అరిస్తే నా లాంచీతో పాటు రేవులో కదులుతున్న మరో రెండు లాంచీలు కూడా ఆగిపోయాయి. నేను సరంగునయ్యాను. మావ పడవకి విరిగిన పలక నేనే వేయించాను. ఆయన పలక మీద తట్టి చూసి, "పనోడివే," అని పిల్లనిచ్చాడు.

అప్పలరాజు బావ సాక్షిగా, ఎల్లాజి మావ పడవ సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను: బతికినంతకాలం వెనక్కి నడిపేటప్పుడు ఏ అద్దాన్నీ నమ్మను. నా స్కూటరుకి కూడా అద్దాలు తీయించేశాను. వెనక మంగ కూర్చుని, "అటు గాదు, ఇటు! కళ్లు కనపడ్డం నేదేటి?" అని దారంతా చెబుతుంటుంది. ఆవిడ మాట వింటానని మాత్రం ఒట్టు వేయలేదు. దానికి ఒట్టెందుకండీ, వినక చస్తానా!