పూనకం కాదని తెలిశాక

నాకు రెండు రకాల మూర్ఛ వచ్చేది. చిన్నది వస్తే చెంపదెబ్బలు తిన్నాను. పెద్దది వస్తే జనం నా ముందు కొబ్బరికాయలు కొట్టారు.

మాది ఎల్లారెడ్డి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. కన్నతల్లిని అవ్వ అని, తండ్రిని బాపు అని పిలిచేదాన్ని. చిన్నప్పుడు పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయేదాన్ని. జొన్నలు చెరుగుతుంటే చేట చేతిలోనే ఉండేది, కళ్ళు తెరిచే ఉండేవి, నేను మాత్రం అక్కడ ఉండేదాన్ని కాదు. తెలివి వచ్చేసరికి చెంప మండుతుండేది. పిలిస్తే పలకని పొగరుబోతునని అవ్వ కొట్టేది. వినబడలేదంటే అబద్ధమని ఇంకొకటి వేసేది.

పెద్దది మొదటిసారి వచ్చింది పోచమ్మకు బోనాలు తీసిన నాడు. డప్పుల ముందు నిలబడి ఉన్నాను. కడుపులోంచి ఏదో భయం గొంతు దాకా పాకింది. ఎక్కడా మంట లేకున్నా వెంట్రుకలు కాలుతున్న వాసన వచ్చింది. నాకు తెలిసింది అంతవరకే. మిగతాదంతా వాళ్ళు చెప్పిందే. గట్టిగా అరిచి, కట్టెలా బిగుసుకుని పడ్డానట. ముఖం నల్లబడిందట. కాసేపటికి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయట, నోటి వెంట నురగతో పాటు నెత్తురు వచ్చిందట. నాలుక కొరుక్కుంటే వచ్చిన నెత్తురది. అమ్మవారు బలి అడుగుతున్నదని మా పెద్దమ్మ, అంటే బాపు అన్న భార్య, కోడిని కోయించింది.

అది అయిపోయాక ఒళ్ళంతా రోకలితో దంచినట్టు ఉండేది, నిద్ర ముంచుకొచ్చేది. ఆ నిద్ర నన్ను పోనిచ్చేవారు కాదు. గోడకు ఆనించి కూర్చోబెట్టి, నొసట బొట్టు పెట్టి, ప్రశ్నలు అడిగేవారు. కామారెడ్డి దగ్గరి రాజంపేట నుంచి కూడా వచ్చేవారు. ఆ మగతలో ఏమన్నానో నాకు గుర్తుండేది కాదు. ఒక్కసారి మాత్రం సగం తెలివిలో ఉన్నాను. ఎవరో ఈసారి పంట ఎట్లుంటదని అడిగారు. నోరెండిపోయి "నీళ్ళు" అన్నాను.

"అమ్మ నీళ్ళిస్తనంటున్నది" అన్నది పెద్దమ్మ. అందరూ చేతులెత్తి మొక్కారు. చెంబెడు నీళ్ళు ఎవరూ తేలేదు.

ఆ రోజుల్లో అవ్వ నన్ను కొట్టడం మానేసింది. తల దువ్వమంటే మాత్రం నన్ను ముట్టుకోకుండా దువ్వెన నా చేతికే ఇచ్చేది. దెబ్బల కంటే నాకు అదే కష్టంగా ఉండేది.

ఒక పొద్దున రొట్టెలు కాలుస్తూ పొయ్యి మీద పడ్డాను. దేవత పూనిన ఒంటికి మంట అంటుకోదని, ముట్టుకోవద్దని పెద్దమ్మ అవ్వను ఆపిందట. వాకిట్లో ఉన్న బాపు పరుగెత్తుకొచ్చి లాగేసరికి మోచేయి దాకా కాలింది. బండి కట్టి కామారెడ్డి దవాఖానాకు తీసుకుపోయాడు.

డాక్టరు కట్టు కట్టించి, ఎట్లా పడ్డావని నన్నే అడిగాడు. అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు. వాసన సంగతీ, భయం సంగతీ, పని మధ్యలో ఆగిపోయే సంగతీ అన్నీ చెప్పాను. ఆయన బాపు వైపు తిరిగాడు.

"ఇది మిర్గీ, అంటే మూర్ఛరోగం. దిమాగ్ బీమారి. ఆగిపోయి చూసుడు గూడ అదే, పడి కొట్టుకునుడు గూడ అదే. పడితే పక్కకు తిప్పి పండబెట్టున్రి. నిద్రొస్తే పోనియ్యిన్రి."

ఆయన ఇచ్చిన మందు సీసాను కండువాలో కట్టుకుని బాపు బండి తోలాడు. ఇంటికి వచ్చాక ఉన్నమాట ఉన్నట్టు అందరికీ చెప్పాడు. ఇక నాకు మంచిరోజులే అనుకున్నాను. కొద్దిరోజులకే నా కుండ వేరు చేశారు. నా కాళ్ళకు మొక్కినవాళ్ళే, నా నురగ తగిలితే అంటుకుంటుందని పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు. పెద్దమ్మ కూతురిని చూడటానికి పెళ్ళివారు వచ్చిననాడు నన్ను గొడ్లకొట్టంలో కూర్చోబెట్టారు. అన్నం అక్కడికే తెచ్చిన అవ్వ నా ముఖం చూడకుండా అన్నది: "దేవత అన్నప్పుడే మంచిగుండె బిడ్డా. రోగమని ఎందుకు చెప్పిండో మీ బాపు."

ఉప్పగా ఉండే ఆ మందుతో పెద్దవి చాలా తగ్గాయి. పగలంతా మత్తుగా ఉండేది, ముఖం నిండా పొక్కులు లేచాయి. అయినా కోతలకు పోగలిగాను. తర్వాత తెల్లదొరల దేశాల్లో యుద్ధం వచ్చి, అక్కడి మందులు రావడం ఆగింది. మందు దొరకడం లేదని బాపు కామారెడ్డి నుంచి ఉత్త చేతులతో తిరిగివచ్చాడు.

ఒక మధ్యాహ్నం తెలివి వచ్చి చూస్తే నొసట తడి బొట్టు. ఎదురుగా పెద్దమ్మ. అత్తగారింటికి పోయిన కూతురికి కడుపు ఎప్పుడు పండుతదని అడుగుతోంది. ఆమెను పిలిచింది అవ్వే అయి ఉంటుంది.

నాలుక వాచి మాట తిరగడం లేదు. "నేను నీ మరిది బిడ్డను పెద్దమ్మా. నన్ను పండుకోనియ్యి" అన్నాను.

అమ్మవారు కోపం మీద ఉన్నదని ఆమె మెల్లగా అన్నది. అవ్వ వంగి నా కాళ్ళు పట్టుకుంది.

ఆ ఏడే బాపు నన్ను కామారెడ్డిలో మేనత్త ఇంట్లో దించాడు. మందు దొరికినప్పుడు తాగి, దొరకనప్పుడు పడి, అక్కడే ఉండిపోయాను. మేనత్త తిట్టేది, పని చెప్పేది. పడితే పక్కకు తిప్పి, తన పని తాను చూసుకునేది. అవ్వ ఎప్పుడైనా వచ్చేది. గుమ్మం బయటే నిలబడి నాకు మొక్కి పోయేది, లోపలికి మాత్రం వచ్చేది కాదు.