గోడ తగిలేదాకా

రేపల్లె పెళ్ళి ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించుకుంటూ ఉండగా పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి పోయారమ్మా" అంది. పొద్దున్నే టిఫిన్ తిని, కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్ళిపోయారట. ఆ పెళ్ళి ఫొటోలు తీయడానికి మొన్న ఆయనా నేనూ కలిసే వెళ్ళాం.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. తెనాలిలో ఆయనది ఫొటో స్టూడియో, అక్కడ ఆల్బమ్‌లు తయారుచేసే పని నాది. కెమెరా పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే.

ఫిల్ము రోజుల నుంచి వచ్చిన మనిషి. మొదట కొన్న డిజిటల్ కెమెరాలో, ఫిల్ముకి బదులు బొమ్మ పడే సెన్సర్ చిన్నది. పాత లెన్సే పెట్టినా అంచుల్లో మనుషులు తెగిపోయేవారు. "ఇదేంటమ్మా, మేనత్తల్ని మింగేస్తోంది!" అని విసుక్కుంటూ, వీపుకి గోడ తగిలేదాకా వెనక్కి నడిచేవారు. తర్వాత ముచ్చటపడి ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొన్నారు. పాత ఫిల్మంత సెన్సర్, ఉన్నచోటే నిలబడినా అందరూ పడతారు. కానీ వెనక్కి నడిచే అలవాటు మాత్రం పోలేదు. దాంతో గ్రూపు ఫొటోలో బంధువులతో పాటు కుర్చీలు, చెప్పులు, వంటవాళ్ళు కూడా పడేవారు.

బాపట్లలో ఓ పెళ్ళికూతురి తండ్రి గట్టిగానే అడిగాడు. "ఏంటండీ ఇది? మావాళ్ళకంటే ఖాళీయే ఎక్కువుంది!"

"ఉండనివ్వండి. ఉన్నది కోసుకోవచ్చు, లేనిది తేలేమండి" అన్నారు బాబాయి. ఆ కోసే పని నాది కాబట్టి నేను లోలోపల పళ్ళు నూరుకునేదాన్ని.

రేపల్లెలో భుజం నొప్పిగా ఉందని కెమెరా నా చేతికిచ్చారు. నేనున్నచోటి నుంచే తీయబోతే, పెళ్ళివారి పక్కన నిలబడి వెనక్కి వెళ్ళమని చేత్తో సైగ చేస్తూనే ఉన్నారు.

"ఇది ఫుల్ ఫ్రేమ్ బాబాయి, అక్కర్లేదు!" అన్నాను.

"నా చాదస్తం అనుకో. వెళ్ళమ్మా" అన్నారు. వెళ్ళాను, గోడ తగిలేదాకా.

పెద్దకర్మకి పటం కట్టిద్దామంటే ఇంట్లో ఆయన ఫొటో సరైనది ఒక్కటీ లేదు. ఊరందరినీ తీసిన మనిషి! ఆధార్ కార్డు మీది బొమ్మ చూపిస్తే పిన్ని "ఈయన ఆయన కాదమ్మా" అని బావురుమంది. నాకూ దుఃఖం ఆగలేదు. ఏం చేయాలో తోచక రేపల్లె ఫొటోలు మళ్ళీ తెరిచాను. గ్రూపు ఫొటో కుడి అంచున, చెయ్యెత్తి, నావైపే చూస్తూ బాబాయి. నేను ముందు నిలబడ్డ చోటే ఉండిపోయి ఉంటే ఆయన అందులో పడేవారు కాదు.

పెళ్ళికొడుకుని, పెళ్ళికూతుర్ని, వాళ్ళ బలగాన్నంతా కోసేశాను. ఆయన వెనకున్న ఖాళీని కూడా కోయబోతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"అది ఉంచమ్మా. ఆయన వెనక్కి నడవడానికి చోటుండాలి."

ఇప్పుడా పటం స్టూడియోలో ఉంది. దాని ముందు నిలబడితే ఆ చెయ్యి ఇంకా వెనక్కి వెళ్ళమంటూనే ఉంటుంది. వెళ్తాను. వీపుకి గోడ తగులుతుంది.